కొత్త కార్డు వచ్చేదాకా

“అమ్మ గొంతుకి కూడా మంచి రేటు కోసం చూశావా అన్నయ్యా?”

అనేశాక చెల్లెలు తనే బిత్తరపోయింది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

అతను తలెత్తలేదు. హాల్లో గోడవార, పక్క మూత ఊడదీసిన కంప్యూటర్ ముందు గొంతుక్కూర్చుని లోపలికి చూస్తున్నాడు. మొన్నటిదాకా గ్రాఫిక్స్ కార్డు ఉన్న చోట ఇప్పుడు ఖాళీ. దానికి తగిలించే వైర్లు రెండూ ఎటూ కాకుండా వేలాడుతున్నాయి.

“రేటు కాదే,” అన్నాడు చివరికి. “నీకు అర్థం కాదు.”

“అర్థమయ్యేలా చెప్పు. నాకు బస్సు తోలడం తప్ప ఏం తెలీదుగా.”

“ఆ పాత కార్డుతో ఏం వచ్చిందో నువ్వూ విన్నావు. అమ్మ గొంతు నేర్పితే, డబ్బాలో పడ్డ తేనెటీగలా వచ్చింది. పెద్ద కార్డు కావాలి. సరే, పెద్దది కొందామనుకునేసరికి కొత్త తరం కార్డులు వస్తున్నాయన్నారు. అదే డబ్బుకి రెండింతలు పని చేస్తాయి. అవి దిగితే నా పాతదాన్ని ఎవడూ అడగడు. అందుకని ముందే అమ్మేశాను. కొన్ని వారాలేగా! ఎవడైనా ఆగుతాడు.”

“అమ్మ ఆగిందా?”

అతను వేలాడుతున్న వైర్లను పక్కకు సర్దాడు. పోయినసారి ధైర్యం చెప్పిన డాక్టరే నిన్న సాయంత్రం బల్ల మీది పెన్ను అటూ ఇటూ జరుపుతూ, “అనుకున్నదానికంటే తొందరగా మాట పోతోంది. ఏం రికార్డు చేసుకోవాలన్నా ఇప్పుడే చేసుకోండి,” అన్నాడు. అమ్మ కాళ్లూ చేతులూ బాగానే ఉన్నాయి. నాలుకా, గొంతూ మాత్రం ఆమె మాట వినడం మానేస్తున్నాయి. అది తగ్గే జబ్బు కాదని ఇంట్లో అందరికీ తెలుసు. ముందుగా తెలిసింది అమ్మకే.

ముప్పై ఏళ్లపాటు చిన్నపిల్లలకు అక్షరాలు పలికించిన టీచరమ్మ ఆమె. అందుకే కొడుకు ఈ ఆలోచన చెప్పగానే ఒప్పుకుంది. ఆమె చదువుతుంటే రికార్డు చేసి, ఆ గొంతును కంప్యూటరుకు నేర్పితే, రేపు మాట పోయినా ఏం టైపు చేస్తే అది ఆమె గొంతుతోనే పలుకుతుంది. ఒకటే షరతు పెట్టింది. “నా గొంతు మన ఇంట్లోనే ఉండాలి. ఊళ్లోవాళ్ల కంప్యూటర్లకి పంపావంటే ఒక్క ముక్క చదవను.” అప్పటికి ఆ మాట స్పష్టంగానే అనగలిగింది.

ఇంట్లోనే జరగాలంటే ఇంట్లో పెద్ద కార్డు ఉండాలి. అక్కడే వచ్చింది చిక్కంతా.

కొత్త కార్డు శుక్రవారం పొద్దున్న ఆన్‌లైన్లో అమ్మకానికి పెట్టారు. అతను తన ఫోనూ, భార్య ఫోనూ, తను పనిచేసే స్టూడియోలో బల్ల మీది కంప్యూటరూ తెరిచి పెట్టుకుని కాచుక్కూర్చున్నాడు. పేజీ తెరుచుకునేసరికే సరుకు అయిపోయింది. మళ్లీ ఎప్పుడొస్తుందో చెప్పలేమని ఒక్క ముక్క రాసి పెట్టారు. పాతవి తయారుచేయడం కంపెనీ ఎప్పుడో ఆపేసింది. ఇప్పుడు అతని చేతిలో పాతదీ లేదు, కొత్తదీ లేదు.

వంటగదిలో గ్లాసులో చెంచా తిరుగుతున్న చప్పుడు. అతని భార్య పాలల్లో పొడి కలుపుతోంది. పల్చగా ఉంటే అమ్మకు పొలమారుతుంది. భార్య మందుల షాపులో పని చేస్తుంది, ఎంత పొడి వేస్తే ఎంత చిక్కబడుతుందో ఆమెకు చెంచా బరువును బట్టే తెలుస్తుంది. అన్నాచెల్లెళ్ల మధ్యకు ఆమె రాలేదు. చెంచా మాత్రం ఆగకుండా తిరుగుతూనే ఉంది.

“బా...ఊ!”

లోపలి గదిలోంచి అమ్మ పిలుపు. ఇద్దరూ ఒకేసారి లేచారు.

అమ్మ మంచం మీద కూర్చుని ఉంది. జుట్టు తనే దువ్వుకుంది. పిల్లలిద్దరినీ మార్చి మార్చి చూసింది.

“ఎం...ఉకు కొత్తుకుంతున్నాయు?”

అతను ఒక్క క్షణం తెల్లముఖం వేశాడు. చెల్లెలు మాత్రం ఠక్కున అందుకుంది. “కొట్టుకోవట్లేదమ్మా. మాట్లాడుకుంటున్నాం, అంతే.”

సినిమాలకు మాటలూ చప్పుళ్లూ సరిచేసే స్టూడియోలో అతన్ని అందరూ పాముచెవులు అంటారు. ఎవరికీ వినపడని గరగర అతనికి వినిపిస్తుంది. కానీ అమ్మ మాట్లాడుతుంటే అతనికి ఊడిపోయిన అక్షరాలే వినపడుతున్నాయి, మాట అందడం లేదు. పొద్దున్నే బస్సెక్కి వందమంది అరుపుల్లోంచి ‘ఆపమ్మా’ అన్న ఒక్క మాటను పట్టుకునే చెల్లెలికి మాటే అందుతోంది. ఎక్కడ ఏం ఊడిందో ఆమెకు పట్టదు.

అమ్మ చూపుడువేలు ఎత్తి గోడ వైపు చూపించింది. “గో...అ కుచ్చీ ఏయించనా?”

చెల్లెలు పకపకా నవ్వింది. “అన్నయ్యకి వేయించమ్మా. నేను డ్యూటీలో రోజంతా కూర్చునే ఉంటా, నాకు అలవాటే.”

అమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే పొలమారి దగ్గింది. అతను వీపు రాస్తూ నిలబడ్డాడు. దగ్గు తగ్గడానికి చాలాసేపు పట్టింది.

భార్య పాల గ్లాసుతో వచ్చి, అమ్మ చేతికిచ్చి, అతని వైపు తిరిగింది.

“ఏవండీ, నాకు మధ్యాహ్నం డ్యూటీ ఉంది. ఈలోగా బజారుకెళ్లి ఏది ఉంటే అది కొనుక్కురండి.”

“ఇప్పుడు పాతది కొంటే...”

“పోయిన నెల్లో కూడా ఇదే చెప్పాను. మీకు వినపడలేదని అనుకోను. మీ చెవులకేం లోటు!”

గొంతు పెంచకుండా అంది. అతను చొక్కా తగిలించుకున్నాడు. చెల్లెలు చెప్పులేసుకుంటూ, “నేనూ వస్తా. అన్నయ్యని ఒక్కణ్ని పంపితే ఇంకో తరం దాకా ఆగి వస్తాడు,” అంది.

*

కంప్యూటర్ సామాన్ల బజారు ఒక పాత భవనం నేలమాళిగలో ఉంది. సందు ఇరుకు. అటూ ఇటూ అట్టపెట్టెలు కప్పుదాకా పేర్చి, మనుషులు పక్కకు తిరిగి నడిచేలా చేశారు. ప్రతి అద్దం మీదా కొత్త కార్డు బొమ్మే. ఏ అద్దం వెనకా ఆ కార్డు మాత్రం లేదు.

వాళ్లు వెళ్లిన దుకాణం యజమానిని బజారంతా రేపటయ్య అంటుంది. ఏది అడిగినా ఆయన నోట మొదట వచ్చే మాట అదే.

“కొత్తదా సార్? రేపు!”

“కొత్తది వద్దు. పాత తరంలో పెద్దది కావాలి.”

రేపటయ్య కళ్లజోడు నుదుటి మీదికి తోశాడు. “ఇప్పుడు అందరూ దానికోసమే వస్తున్నారు సార్. పోయిన నెల ఇదిగో, ఇక్కడ వరసగా పేర్చి ఉన్నాయి. మీరే వచ్చారు. చేతిలోకి తీసుకున్నారు. బరువు చూశారు. పెట్టేసి వెళ్లారు. గుర్తుందా?”

గుర్తుంది. చెల్లెలు అన్న ముఖంలోకి చూసింది. ఏదైనా అంటేనే బాగుండేదనిపించింది అతనికి.

“ఒక్కటి కూడా లేదా?”

“అన్నీ పోయాయి సార్.”

పక్కన గాజు పెట్టెలో ఒక కంప్యూటర్ వెలుగులు చిమ్ముతోంది. పైన తెర మీద రంగురంగుల చేపలు నీళ్లలో అటూ ఇటూ ఈదుతున్నాయి. అతను వంగి చూశాడు. చప్పుడును బట్టే పోల్చుకున్నాడు, పెద్ద కార్డుకుండే మూడు ఫ్యాన్లవి.

“అందులో ఉన్నది అదేగా?”

“అది అమ్మేది కాదు సార్, షోకి పెట్టింది. షాపు తీసిన దగ్గర్నుంచి మూసేదాకా నడుస్తూనే ఉంటుంది. పైగా మాట కూడా ఇచ్చేశాను. ఆటల సెంటరాయన సాయంత్రం వచ్చి పట్టుకుపోతాడు.”

“ఆయనకి దేనికండీ?” చెల్లెలు ముందుకొచ్చింది.

“ఆటలకేనమ్మా. ఇంక దేనికుంటాయి ఇవి?”

“మా అమ్మకి మాట పోతోంది.”

రేపటయ్య అయోమయంగా చూశాడు. “అయ్యో పాపం. కానీ అమ్మా, దానికీ కార్డుకీ సంబంధం ఏంటి?”

అతను చెప్పబోయాడు. ముందు యంత్రానికి గొంతు నేర్పాలి, అప్పుడు అది ఏ శబ్దాలు సరిగ్గా పట్టుకోలేదో తెలుస్తుంది, వాటిని మళ్లీ అమ్మతో పలికించి నింపాలి, అమ్మ పలకలేకపోతే ఆ ఖాళీలు అలాగే ఉండిపోతాయి. ఇదంతా నోట్లోనే నలిగింది.

చెల్లెలు ఫోను తీసి కౌంటరు మీద పెట్టింది. రెండు నెలల కిందటి అమ్మ గొంతు వినిపించింది. ‘కొండ వెనక సూర్యుడు, కొమ్మ మీద పిట్ట’ అని పిల్లలకు చెప్పినట్టు గలగలా చదివింది. తరవాత నిన్నటిది పెట్టింది. అదే వాక్యం.

రేపటయ్య కళ్లజోడు కిందికి దించుకున్నాడు. పక్క దుకాణంలో ఎవరో టేపు చించుతున్న చప్పుడు. ఆయన గాజు పెట్టె వెనక్కి వెళ్లి మీట నొక్కాడు. చేపలన్నీ ఒక్కసారిగా మాయమయ్యాయి.

“కొత్తదాని ధర కంటే ఎక్కువవుతుంది సార్. నేను పెంచింది కాదు, బజారు పెంచింది.”

“సరే.”

“గ్యారంటీ లేదు. తిరిగి తీసుకోను. రేపు కొత్త సరుకు దిగితే దీన్ని సగానికి కూడా ఎవడూ అడగడు. తరవాత నన్ను తిట్టుకోకూడదు.”

“సరే.”

“బేరం ఆడరా?”

అతను తల అడ్డంగా ఊపాడు. రేపటయ్య కార్డు ఊడదీసి, గుడ్డతో దుమ్ము తుడిచి, ఏదో పాత చార్జరు అట్టపెట్టెలో సర్దాడు. తరవాత ఫోను చెవిన పెట్టుకున్నాడు.

“అన్నా, నేనే. నీది... రేపు.”

తిరుగు ప్రయాణంలో సిటీ బస్సు వెనక సీట్లో పెట్టె అతని ఒళ్లో ఉంది.

“పొద్దున్న నోరు జారాను,” అంది చెల్లెలు కిటికీలోంచి చూస్తూ.

“జారలేదు. సరిగ్గానే అన్నావు.”

“కాదని అనొచ్చుగా, ఒక్కసారి.”

అతను పెట్టెను ఇంకాస్త దగ్గరికి తీసుకున్నాడు.

*

కార్డు బిగించి, రికార్డు చేసినవన్నీ యంత్రానికి అప్పగించాడు. ఫ్యాన్లు హోరుమన్నాయి. హాలంతా వేడెక్కింది. కిటికీలు తెరిచి, తెర ముందు కూర్చుని, పని ఎంతవరకు వచ్చిందో చూపిస్తూ పెరుగుతున్న గీతనే చూస్తుండిపోయాడు. చేయడానికి ఇంకేం లేదు. చెల్లెలు నేల మీదే కునుకు తీసింది. అమ్మ ఒకటి రెండుసార్లు గుమ్మందాకా వచ్చి, ఆ హోరు విని వెళ్లిపోయింది.

పొద్దు వాలేవేళకు పని ముగిసింది. భార్య డ్యూటీ నుంచి వచ్చి చేతిసంచి కూడా దించలేదు, అక్కడే నిలబడింది. అమ్మను తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు.

అతను రెండు వాక్యాలు టైపు చేశాడు.

“పిల్లలూ, పుస్తకాలు మూసేయండి. ఇవాళ్టికి చాలు.”

స్పీకర్లోంచి అమ్మ పలికింది. ఆ ‘చాలు’ దగ్గర కొంచెం నవ్వు దాచుకున్నట్టు కిందికి జారే స్వరంతో సహా పలికింది. చెల్లెలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

అమ్మ కదల్లేదు. గుమ్మంలోకి వచ్చిన కొత్త మనిషిని చూసినట్టు స్పీకరును చూసింది. తరవాత తన గొంతు మీద చెయ్యి వేసుకుంది.

“ఎలా ఉందమ్మా?”

అమ్మ తల ఊపింది. బాగుందని. ఇంకోటి పలికించమన్నట్టు వేలు తిప్పింది. ఇంకోటి, ఆపైన ఇంకోటి పలికించాడు. నాలుగో వాక్యంలో అతని చెవులు నిక్కబొడుచుకున్నాయి. శ, ష వచ్చినచోటల్లా గొంతు మసకేస్తోంది. ఆ అక్షరాలున్న వాక్యాలు అమ్మ బాగా చదివే రోజుల్లో తక్కువ పడ్డాయి. తరవాత చదివినవాటిలో అవి అప్పటికే చెడిపోయి ఉన్నాయి. చెడిందాన్నే యంత్రం బుద్ధిగా నేర్చుకుంది.

మైకు తెచ్చి అమ్మ ముందు పెట్టి, తను హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాడు. “నాలుగు మాటలే అమ్మా. ఆకాశం. దేశం. వేషం. సంతోషం. అవి పడితే ఇంక అంతా సరిపోతుంది.”

అమ్మ గొంతు సవరించుకుంది. “ఆకా...హం.”

“ఇంకోసారి.”

“ఆకా...” ఊపిరి పక్కకు జారిపోయింది. అమ్మ పెదాలు తడుపుకుని, వీపు నిటారుగా చేసుకుని, తరగతి ముందు నిలబడినట్టు కూర్చుని మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి ‘ఆ’ తప్ప ఏదీ నిలవలేదు.

ఆమె స్పీకరు వైపు చూసింది. నోరు మూసుకుంది.

“ఎలా వచ్చినా ఫరవాలేదమ్మా,” అన్నాడు. అది అబద్ధమని అతనికి తెలుసు.

అమ్మ తల అడ్డంగా ఊపింది. మైకును రెండు వేళ్లతో మెల్లగా పక్కకు జరిపింది. స్పీకరును చూపించింది. ఇక అదే మాట్లాడుతుందిలే, అన్నట్టు.

“అమ్మా, అలా కాదు,” చెల్లెలు వచ్చి మోకాళ్ల మీద కూర్చుంది. “నువ్వు మాట్లాడాలి. వచ్చినన్నాళ్లు నాతో మాట్లాడమ్మా. నాకు అర్థమవుతుందిగా, ప్రతి ముక్కా నాకు అర్థమవుతుందిగా!”

అమ్మ కూతురి తల నిమిరింది. పెదవి మాత్రం విప్పలేదు.

“పొద్దున్న మనల్ని గోడకుర్చీ వేయిస్తానంది,” చెల్లెలు అన్న వైపు తిరిగింది. “ఆ గొంతుతోనే అంది. ఇప్పుడు చూడు, ఏం చేశావో!”

“కార్డు తెమ్మంది నువ్వే కదే.”

“అవును, నేనే. నేనే అన్నాను!”

“ఊరుకోండి ఇద్దరూ,” అంది భార్య. “ఆవిడ అది విన్నాక తన మాట తనకి నచ్చట్లేదు. అంతే. అందులో ఎవరి తప్పు వెతుకుతారు?”

ఫ్యాన్లు నెమ్మదించి ఆగిపోయాయి. మైకు ఇంకా రికార్డు చేస్తూనే ఉంది. అతని హెడ్‌ఫోన్లలో నలుగురి ఊపిర్లు విడివిడిగా వినపడుతున్నాయి. కత్తిరించి పారేయడానికీ, అతికించడానికీ అందులో ఏమీ లేదు.

అప్పుడు మోగింది అమ్మ ఫోను.

పెద్దమ్మ. అమ్మకు ఒక్కగానొక్క అక్క. రెండు ఊళ్లవతల ఉంటుంది. గుండె ఆపరేషన్ అయి పట్టుమని నెల కాలేదని ఆమెకు ఈ జబ్బు సంగతి ఇంకా చెప్పలేదు. జలుబనీ, గొంతు నొప్పనీ చెప్పి, అమ్మ చేత ‘ఊ’, ‘ఆ’ అనిపించి నెట్టుకొస్తున్నారు.

భార్య ఫోను ఎత్తి, అందరికీ వినపడేలా పెట్టింది. “పెద్దత్తయ్యా, బాగున్నారా?”

“నా బాగు సరేగానీ, దాన్ని పిలు. ఇవాళ దాని గొంతు సరిగ్గా వినందే ఫోను పెట్టను. మీరంతా కలిసి ఏదో దాస్తున్నారు నా దగ్గర.”

భార్య భర్త వైపు చూసింది. ‘చెప్పేద్దాం’ అని ఆమె పెదాలు మాత్రం కదిలాయి. చెల్లెలు తల ఊపింది.

అమ్మ ఊపలేదు. కీబోర్డు చూపించింది. అతను అర్థం కానట్టు నటించాడు. అమ్మ కళ్లు పెద్దవి చేసింది. ఆ చూపు ముందు ఏ పిల్లాడూ ఎక్కువసేపు నటించలేడు.

“వద్దన్నయ్యా,” చెల్లెలు గొణిగింది.

“ఏమే, ఉన్నావా?” అంది ఫోను.

అతని వేళ్లు వాటంతట అవే కదిలాయి. ‘అక్కా, నేను బాగానే ఉన్నాను. జలుబు తగ్గింది.’ రాసినదాన్ని ఒకసారి చూసుకున్నాడు. మసకేసే అక్షరం ఒక్కటీ లేదు. ఏ ఒక్కటి ఉన్నా బాగుండేదేమో, కుదరదమ్మా అని చెప్పేవాడు. మీట మీద వేలు ఆనించి అలాగే ఉండిపోయాడు.

అమ్మ వంగి, అతని వేలు పక్కకు నెట్టి, తనే మీట నొక్కింది.

గొంతు గదిలో తేటగా పలికింది. చెల్లెలు కళ్లు మూసుకుంది.

“హమ్మయ్యా!” పెద్దమ్మ గట్టిగా ఊపిరి వదిలింది. “నీ గొంతేనే! ఎన్నాళ్లయిందే ఇలా విని! నీకేదో అయిందని రోజూ చస్తూ బతుకుతున్నాను. ఒంట్లో బాగాలేని నిన్ను ఇబ్బంది పెట్టడమెందుకని ఇన్నాళ్లూ ఆగాను. ఇంక ఆగను. తెల్లారి మొదటి బండికే బయల్దేరుతున్నా. నీ పక్కన పడుకుని కడుపునిండా కబుర్లు చెప్పుకోవాలి. డాక్టరు గీక్టరు జాన్తానై, వచ్చేస్తున్నా!”

అతను అమ్మ వైపు చూశాడు. అమ్మ ముఖంలో రంగు లేదు. మైకును జరిపినప్పటి నుంచి మూసి ఉన్న నోరు తెరుచుకుంది.

“అ...క్కా,” అంది. “వ...”

అవతల అప్పటికే ఫోను పెట్టేశారు.